మా బృందం నిద్రపోతోంది

పాఠకులారా! విశ్రాంతి ఆరోగ్యానికి మంచిదని ఎవరైనా మీతో అంటే వెంటనే అక్కణ్ణించి లేచి వచ్చేయండి. ఆ మనిషి మీ వ్యాపారానికి పోటీదారైనా అయి ఉండాలి, మీ భార్యైనా అయి ఉండాలి.

అలసట ఒక వరం. అలసిపోయిన మనిషికి కోపం రాదు, ఎందుకంటే కోపానికి ఓపిక కావాలి. అతను ఎవరితోనూ గొడవపడడు. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ కొన్నారని కుళ్ళుకోడు. మునులు అడవులకు పోయి, ఒంటికాలి మీద నిలబడి సాధించిన స్థితిని నేను స్కూటర్ మీద తిరుగుతూ సాధించాను. అదెలాగో నలుగురికీ చెప్పడం నా ధర్మం.

నేను సోఫాలు కడుగుతాను. సోఫాలు, పరుపులు, తివాచీలు, మీ ఇంటికే వచ్చి, మీ కళ్ళముందే. నవ్వకండి! మీరు కూర్చున్న సోఫా లోపల ఏముందో నాకు తెలుసు. మీకూ తెలిస్తే ఈ వ్యాసం నిలబడి చదువుతారు.

మొదట్లో నా వ్యాపారం చెప్పుకోడానికి సిగ్గుపడేంత చిన్నది. ఒక వాక్యూమ్ మిషన్, బ్రష్‌లు, బకెట్, స్కూటర్. పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం ఒక ఇల్లు. సాయంత్రానికి శుభ్రంగా కాళ్ళు కడుక్కుని ఇంట్లో ఉండేవాణ్ణి. ఎంత ప్రమాదకరమైన బతుకో ఆలోచించండి! సాయంత్రం పూట ఇంట్లో దొరికిపోయే మగవాడి గతి ఏమిటి? భార్య కబుర్లు చెబుతుంది, వినాలి. కూతురు లెక్కలు అడుగుతుంది, వచ్చి ఉండాలి. బల్బు మార్చాలి. బిగుసుకుపోయిన డబ్బా మూత తియ్యాలి. మూత రాకపోతే పరువు పోతుంది.

ఈ నరకం నుంచి నన్ను కాపాడినవాడు మా బావమరిది.

మా బావమరిది గ్రోత్ కన్సల్టెంట్. ఎవరి గ్రోత్‌కి అని అడగకండి, ప్రస్తుతానికి నాకొక్కడికే. అతని ఆఫీసు మా హాల్లోని సోఫా. పొద్దున్నే దానిమీద వెల్లకిలా పడుకుని ఫోనులో గొప్పవాళ్ళ వీడియోలు చూస్తాడు. మధ్యాహ్నానికి ఒళ్ళు విరుచుకుని, అటు తిరిగి పడుకుని మళ్ళీ చూస్తాడు. సోఫాలో అచ్చం అతని ఆకారంలో ఒక గుంట పడింది. ఊళ్ళోవాళ్ళందరి సోఫాలూ కడిగిన నేను ఆ ఒక్కటి మాత్రం కడగలేకపోయాను. దాని మీద ఎప్పుడూ గ్రోత్ జరుగుతూ ఉండేది.

"బావా, నువ్వు మరీ చిన్నగా ఆలోచిస్తున్నావ్," అన్నాడొకరోజు, కళ్ళు కూడా తెరవకుండా. "స్కేల్ అవ్వాలి."

"అంటే?"

"అంటే నువ్వు ఒక్కడివే అని ఎవరికీ తెలీకూడదు."

నాలుగు రోజుల్లో యాప్ తయారైంది. ఎవరైనా, ఎప్పుడైనా, మంచం మీంచి లేవకుండా నన్ను బుక్ చేసుకోవచ్చు. పైన "మా బృందం మీ సేవలో" అని పెద్దక్షరాలు. బృందం అంటే నేను. ఫోన్ మోగితే ముందు రిసెప్షనిస్టు ఎత్తుతుంది. సన్నటి గొంతు, తియ్యటి మాట. అదీ నేనే! కస్టమర్ కోప్పడితే "ఒక్క నిమిషం అండీ, మేనేజర్ గారికి ఇస్తాను" అని, గొంతు సవరించుకుని, బొంగురుగా "హలో, చెప్పండి" అంటాను. మా మేనేజర్ గారు మహా కఠినుడు. కస్టమర్‌కి వినబడేలా టెక్నీషియన్‌ని పట్టుకుని చెడామడా తిడతారు. టెక్నీషియన్ మధ్యమధ్యలో "సారీ సార్" అంటాడు. ఒకసారి మరీ గట్టిగా తిట్టేసరికి నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి మనిషి కింద ఎలా పనిచేస్తున్నానా అనిపించింది.

ఇక గ్రోత్ చూడండి! ఒక సోఫా ఆరకముందే ఇంకో సోఫా తడవాలి. భోజనం సిగ్నళ్ళ దగ్గర. ఎర్ర లైటుకి ఒక ముద్ద, లైటు పాడైతే కడుపునిండా. నేను సన్నబడ్డాను. జిమ్ముకి పోయేవాళ్ళు నన్ను చూసి అసూయపడ్డారు. చుట్టాల పెళ్ళిళ్ళకు వెళ్ళే బాధ తప్పింది, పిలవడం మానేశారు. మా ఆవిడకీ నాకూ మాటపట్టింపులు పూర్తిగా పోయాయి. మాటలుంటేగా!

మా అమ్మాయి చిట్టి రెండో తరగతి. బళ్ళో "మా కుటుంబం" అని బొమ్మ గీయమంటే గీసింది. అమ్మ ఉంది. సోఫా ఉంది. సోఫా మీద మామయ్య ఉన్నాడు. నేను లేను.

"నాన్నేడమ్మా?" అని అడిగాను.

"బయటున్నావు నాన్నా. కాగితానికి బయట."

చూశారా, ఎంత స్పష్టమైన పిల్లో! నాకు ఎక్కడో కలుక్కుమంది. కానీ అదేమిటో తేల్చుకునేలోగా ఫోన్ మోగింది. వరం అంటే ఇదే. ఏ బాధా మనలో కాసేపైనా కూర్చోలేదు.

అయితే అప్పుడప్పుడు నేను మిషన్‌కి నమస్కారం పెట్టి కస్టమర్‌కి ప్లగ్గు గుచ్చబోవడం లాంటివి విని బావమరిది కంగారుపడ్డాడు.

"బావా, ఇది బర్నవుట్. దీనికో ప్రోగ్రాం ఉంది."

ప్రోగ్రాం ఏమిటయ్యా అంటే, సూర్యుడి కంటే ముందు లేచి గాలి పీల్చడం. అంతకుముందు నేను గాలి పీల్చడం లేదనా? ఆ తర్వాత కళ్ళు మూసుకుని ఒక జలపాతాన్ని ఊహించుకోవాలి. నేను ఊహించుకుంటే దాని కింద ఎవరిదో సోఫా తడుస్తూ కనబడేది! రోజంతా ఫోనులో గంట మోత. "నీళ్ళు తాగండి." "భుజాలు వదులు చెయ్యండి." "ఇప్పుడు ప్రశాంతంగా ఉండండి." మోచేతుల దాకా నురగలో ఉన్నవాణ్ణి చేతులు తుడుచుకుని, ఫోను తీసి, ప్రశాంతంగా ఉన్నానని నొక్కాలి. నొక్కకపోతే నొక్కేదాకా మోగుతుంది. అలసట తగ్గించుకునే పనులతో అలసిపోవడం అనే మహాభాగ్యం పాతకాలం వాళ్ళకి ఏదీ!

ఒకరోజు ఇంట్లో భోంచేసి లేచి, చెయ్యి కడుక్కుని, మా ఆవిడతో అలవాటుగా అనేశాను. "పని పూర్తయిందండీ మేడమ్. సాయంత్రం దాకా దాని మీద కూర్చోకండి. ఒక మంచి రివ్యూ రాయండి."

ఆవిడ కంచం తీసింది. ఆడవాళ్ళు అలా కంచం తీస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

మర్నాడు ఒక కస్టమర్ ఇంట్లో పరుపు తోముతుండగా కంపెనీ ఫోన్ మోగింది. నంబరు చూడగానే మా ఆవిడని తెలిసింది. కానీ కంపెనీ లైన్లో సొంత కబుర్లు నిషేధం. ఆ రూలు మేనేజర్ గారే పెట్టారు. అందుకని రిసెప్షనిస్టు ఎత్తింది.

"నమస్కారమండీ, మా బృందం మీ సేవలో!"

"మీ మేనేజర్ని పిలువమ్మా."

నేను గొంతు సవరించుకున్నాను. "హలో, చెప్పండి."

"సార్, మీ దగ్గర సోఫాలు కడుగుతాడే, ఆయన భార్యని. ఆయనకి ఒక్కరోజు సెలవివ్వండి సార్. మనిషి సగమైపోయాడు. నిద్రలో దిండుని తోముతున్నాడు."

టెక్నీషియన్ గుండె ఎగిరి గంతేసింది. ఇవ్వండి సార్, ఇవ్వండి సార్ అని లోపల్నుంచి బతిమాలింది. మేనేజర్ గారు కరిగే రకమా?

"కుదరదమ్మా. డిమాండు బాగా ఉంది. ఇప్పుడు సెలవంటే గ్రోత్ పడిపోతుంది."

"మీకు పెళ్ళాం పిల్లలు లేరా సార్?"

"ఉన్నారమ్మా."

"వాళ్ళెలా ఉన్నారు?"

మేనేజర్ గారు ఫోన్ పెట్టేశారు. టెక్నీషియన్ పరుపు తోమిన చోటే మళ్ళీ తోమాడు.

మరుసటి ఉదయం యాప్ తెరిచేసరికి నా కళ్ళు చెదిరాయి. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఒక్క స్లాటూ ఖాళీ లేదు! పైగా అన్నీ ఒకే ఇంట్లో! ఎంత పెద్ద ఇల్లో, ఎన్ని సోఫాలో అని ఉప్పొంగిపోయాను. అడ్రస్ చదివే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. మ్యాపులో నీలం గీత ఎటు పొమ్మంటే అటు పోతాను. ఆ గీత నన్ను వీధి చివరి టీ కొట్టు దగ్గర్నుంచి గిరుక్కున వెనక్కి తిప్పి ఒక గేటు ముందు ఆపింది. గేటు ఎక్కడో చూసినట్టే ఉంది. రోజుకి ఎన్ని గేట్లు చూస్తాం! బెల్లు కొట్టాను. ఒకావిడ తలుపు తీసింది. తల దించుకుని బూట్లు విప్పుతూ పాఠం అప్పగించాను.

"నమస్కారం మేడమ్, సోఫా ఎక్కడుందండీ?"

"హాల్లో ఉంది. దాని మీద మనిషున్నాడు, ముందు అతన్ని తియ్యండి."

బావమరిది లేచి నిలబడ్డాడు. మనుషుల్ని గుర్తుపట్టలేదు గానీ పాఠకులారా, ఆ గుంటని గుర్తుపట్టాను. అది మా ఇల్లు!

వెనక్కి తిరగబోయాను. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బుక్ చేసుకున్నాం. కస్టమర్ని కాదని పోతారా?"

పోలేను. వృత్తి ధర్మం! కడిగాను. సందుల్లోంచి చిట్టి పెన్సిళ్ళు, రిమోటు, మా ఆవిడ వెతికి వెతికి ఆశ వదిలేసుకున్న చెవిదిద్దు బయటపడ్డాయి. మా సోఫా ఆకుపచ్చదని ఆ రోజే తెలిసింది. నాకు గోధుమరంగని గుర్తు. ఆరేదాకా ఎవరూ కూర్చోకూడదు కాబట్టి బావమరిది రోజంతా నిలబడాల్సి వచ్చింది. సాయంత్రానికి అతనికి బర్నవుట్ వచ్చింది.

"రెండో బుకింగులో పనేమిటి మేడమ్?"

"భోంచెయ్యడం."

"అది మా సర్వీసుల్లో లేదండీ."

"కొత్తగా పెట్టండి. గ్రోత్ అన్నారుగా!"

కూర్చుని తిన్నాను. ఎర్ర లైటు లేకుండా తినేసరికి ముద్దకీ ముద్దకీ మధ్య ఏం చెయ్యాలో తోచలేదు. మా ఆవిడ కబుర్లు చెప్పింది. విన్నాను. నేను లేని ఇన్నాళ్ళలో మా ఇంట్లో ఎన్ని జరిగాయో! మూడో బుకింగులో పని పడుకోవడం. నాకు చేతకాదన్నాను. చిట్టి పక్కన కూర్చుని నా ఫోను లాక్కుంది. అది మోగడం వినబడింది. ఆ తర్వాత చిట్టి గొంతు, అచ్చం మా రిసెప్షనిస్టు గొంతులాగే సన్నగా.

"మా బృందం నిద్రపోతోందండీ. లేచాక చెప్తా."

లేచేసరికి చీకటి పడుతోంది. ఊళ్ళో ఏ సోఫా నన్ను తలచుకుని ఏడవలేదు. ఒక్క కస్టమర్ కూడా స్పృహ తప్పలేదు. పైగా బావమరిది గోడకి ఆనుకుని నిలబడి గ్రాఫు చూపించాడు. మా కంపెనీ పుట్టాక ఇదే మొదటిసారి ఫుల్ బుకింగ్!

కాబట్టి, పాఠకులారా, విశ్రాంతి ప్రమాదకరమన్న నా మాట మీద నేనింకా నిలబడే ఉన్నాను. సరిగ్గా చెప్పాలంటే, పడుకుని ఉన్నాను. ఈ వ్యాసం ఆకుపచ్చ సోఫా మీంచే రాస్తున్నాను. ఒక్కసారి రుచి మరిగితే మనిషి మళ్ళీ పాత దారికి రాడు, అదే ప్రమాదం!

మా ఆవిడ రివ్యూ రాసింది. నాలుగే స్టార్లు. "పని బాగుంది. మనిషి ఇంకా బాగున్నాడు. రాక రాక వచ్చాడు, అదే ఫిర్యాదు."

మేనేజర్ గారు స్వయంగా ఫోన్ చేశారు. వంటింట్లో ఉన్న ఆవిడకి, హాల్లోంచి. గొంతు ఎందుకో అంత బొంగురుగా లేదు.

"మీ ఫిర్యాదు అందిందమ్మా. ఇకమీదట ప్రతి సాయంత్రమూ టెక్నీషియన్‌కి మీ ఇంట్లోనే డ్యూటీ వేశాను. వీలైతే నేనూ వద్దామనుకుంటున్నా."

"రండి సార్, మీరూ రండి. మీ ఇంట్లోవాళ్ళు బానే ఉన్నారు. కానీ ఆ రిసెప్షనిస్టుని మాత్రం నా గడప తొక్కనివ్వను."

అందుకని రిసెప్షనిస్టుని, అంటే కంపెనీ ఫోనుని, స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను. బయట మోగుతూనే ఉంది. మోగనివ్వండి. చిట్టి మళ్ళీ బొమ్మ గీస్తోంది, నేను కదిలితే కాగితంలో పట్టనంటోంది.