అయిదో స్వరం

సంచౌంగ్‌ పేటలో ఆ వారం కరెంటు పొద్దున్న అయిదింటికి వచ్చి తొమ్మిదింటికి పోతోంది. ఆలోగా స్టీల్ గిటారు మీద ఒక బిట్టు నలభైసార్లు వాయించుకుని, టిఫిను తిని, ఊరి నడిమి లత పేటలోని షిప్పింగు ఆఫీసుకు బస్సెక్కాలి. బుధవారానికి కూర్మనాథం వేసుకున్న పథకం ఇంతే.

ఆ గిటారు ఒళ్ళో పట్టేది కాదు. బల్లలా కాళ్ళ మీద నిలబడుతుంది. ఎడమచేత్తో తీగల మీద ఇనప కడ్డీ జరపాలి, పాదంతో కింద పెడళ్ళు తొక్కాలి. తొక్కితే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. దాన్ని పదకొండేళ్ళుగా అతను తలుపులు మూసుకుని ఒక్కడే నేర్చుకుంటున్నాడు. గురువు ఒక పాత కేసెట్. లత పేటలో ఒకప్పుడున్న కేసెట్లు కాపీ చేసే దుకాణంలో చేయించినది. అందులోని ఒక అమెరికన్ కంట్రీ పాటలో, రెండో చరణం తర్వాత ఆరు స్వరాల బిట్టు వస్తుంది. అయిదో స్వరం దగ్గర పాట మొత్తం నిట్టూర్చినట్టు కుంగి, మళ్ళీ లేస్తుంది. ఆ కుంగడం పట్టుకోవడానికే అతనికి రెండేళ్ళు పట్టింది. మనుషులు ఎవరికీ చెప్పుకోలేనిదేదో ఆ అరక్షణంలో ఉందని అతని నమ్మకం.

కూతురు మల్లిక ఆ బిట్టును ఫోనులో తీసి నలుగురికీ పంపింది. అది చూసి కంట్రీ పాటల బర్మీస్ బ్యాండు నడిపే కో తెయిన్ ఫోను చేశాడు. అచ్చం కేసెట్‌లో ఉన్నట్టే ఉందన్నాడు. ఆదివారం పెళ్ళి విందులో వాయించమన్నాడు, కుదిరితే బ్యాండులో స్టీలు సీటు ఇక అతనిదేనన్నాడు. రిహార్సలు రెండుసార్లు పెట్టుకున్నారు, రెండుసార్లూ కరెంటు లేక ఆగిపోయింది. నలుగురి మధ్య కూర్చుని వాయించడం అతని యాభై రెండేళ్ళ బతుకులో అదే మొదలు. ఆ సీటు గురించి పెళ్ళాంతో కూడా మాట్లాడలేనంతగా దాన్ని కోరుకున్నాడు.

బుధవారం ఆరింటికి మల్లిక వచ్చి అసలు రికార్డు దొరికిందంటూ ఫోను చెవి దగ్గర పెట్టింది. అయిదో స్వరం కుంగలేదు. కరెంటు స్తంభంలా నిటారుగా నిలబడింది. కూర్మనాథం మళ్ళీ పెట్టమన్నాడు. మరో రికార్డు పెట్టమన్నాడు. మొదట అమెరికా వాళ్ళదే తప్పనుకున్నాడు. మూడోదీ విన్నాక సంగతి తెలిసింది. కాపీ చేసేటప్పుడు యంత్రం అక్కడ అరక్షణం ఓపిక తప్పింది. రెండేళ్ళు కష్టపడి అతను నేర్చుకున్నది ఆ యంత్రం నీరసం.

అచ్చం కేసెట్‌లో ఉన్నట్టే ఉందన్నది మెప్పు కాదు, వెటకారమని అతనికి తోచింది. ఆదివారంలోగా దిద్దుకోవాలి. కానీ అయిదో స్వరం రాగానే ఎడమ పాదం తనంతట తానే లేచిపోతోంది. ఆఫీసుకు ఫోను చేసి, ఎడమ కాలు తిమ్మిరెక్కిందని అబద్ధం చెప్పాడు. తువ్వాలుతో పాదాన్ని పెడలుకు కట్టేసుకున్నాడు. తెర వెనక ఫోను మాటలు విన్న భార్య పద్మిని టీ గ్లాసుతో వచ్చి ఆ కట్టు చూసింది.

"ఏటండీ, కాలలా కట్టీసుకున్నారు? ఎప్పట్నించి ఇలగుంది?"

నిజం చెప్పొచ్చు. పదకొండేళ్ళూ తప్పు నేర్చానని చెప్పడం కన్నా పక్షవాతమని ఆమె అనుకోవడమే తేలికనిపించి ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి ఊరి చివర మింగళాడోన్ నుంచి పద్మిని అన్న రాజబాబు రెండు బస్సులు మారి, నూనె సీసాతో దిగాడు.

"బావా, గిల్లితే తెలుస్తందా?"

"తెలుస్తోంది."

"మొగమాటానికి సెప్పకు."

మూడు రోజులు వదలకుండా మర్దనా చేశాడు. నూనెకు పాదం జారుతుంటే కూర్మనాథం కట్టు ఇంకా బిగించాడు. జబ్బు ముదిరిందని రాజబాబు అక్కడే పక్క వేశాడు. అయినా శనివారానికి అయిదో స్వరం నిటారుగా నిలబడింది.

ఆదివారం రాజబాబు అతన్ని మెట్లెక్కనివ్వలేదు. బయటున్న కార్ల డ్రైవర్లు ఇద్దరి చేత కుర్చీతో సహా స్టేజీ ఎక్కించాడు. ఎవరో పెద్దమనిషనుకుని ముందు వరస లేచి నిలబడింది.

రెండో చరణం అయింది. కూర్మనాథం కళ్ళు మూసుకుని బిట్టు అందుకున్నాడు. అయిదో స్వరం దగ్గర డ్రమ్ము సాగింది. బేసు కుంగింది. పాడే అమ్మాయి గొంతు కుంగింది. హాల్లో కూనిరాగం తీస్తున్న రెండొందల మందీ కలిసి కుంగి లేచారు. కూర్మనాథం ఒక్కడూ పైన మిగిలిపోయాడు. కళ్ళు తెరిచేసరికి పెళ్ళికూతురు సహా అందరూ అతన్నే చూస్తున్నారు. ఈ ఊళ్ళో ఈ పాట తెలిసినవాళ్ళంతా దాన్ని ఆ ఒక్క దుకాణంలోనే కాపీ చేయించుకున్నారని అతనికి అప్పుడు అర్థమైంది.

పాట ముగిశాక కో తెయిన్ వచ్చి అతని పాదం దగ్గర గొంతుక్కూర్చుని, ఇక్కడివాళ్ళు పెద్దల పేరు ముందు పెట్టే 'ఊ'తో పిలిచాడు.

"ఊ కూర్మా, మీ బావగారు అంతా చెప్పారు. ఈ కాలితో అయిదో స్వరం దించలేకపోయారు. అయినా వచ్చారు. ఈ సీటు మీదే, ఎన్నాళ్ళైనా ఆగుతాం."

అసలు పాట అలా ఉండదని చెప్పడానికి కూర్మనాథం నోరు తెరిచాడు. డ్రమ్మరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. పాడిన అమ్మాయి అతని కోసం మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది.

పదిహేను రోజుల్లో నయమైపోతుందని కూర్మనాథం మాట ఇచ్చాడు.