చిక్కుముడి శిక్షణ

మనిషి మార్పు వచ్చి బాధపడడు, ఆటలు లేక బాధపడతాడు. ఈ సత్యాన్ని మా ప్రధాన కార్యాలయం ఎంతో శ్రమపడి కనిపెట్టింది. కనిపెట్టిన మరుసటి వారమే మా ఆఫీసుకు మార్పూ ఆటా ఒకే సర్క్యులర్‌లో వచ్చాయి.

మార్పు చిన్నదే. టపా సెక్షన్‌నీ జీతాల సెక్షన్‌నీ కలిపేసి, మిగిలిపోయే ఒకరిని రాత్రంతా రైల్లో ప్రయాణం చేస్తే వచ్చే కొత్త శాఖకు పంపిస్తారు. ఆ ఒకరు మా టపా సెక్షన్ అక్క. ఇష్టం లేకపోతే శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి అయిదులోపు మూడో అంతస్తు కౌంటరు దగ్గరికి స్వయంగా వెళ్లి అభ్యంతరం చెప్పుకోవచ్చు. (ఫోన్లో చెప్పే అభ్యంతరంలో చిత్తశుద్ధి ఉండదట.) అది నెగ్గితే ఆమె బదులు జీతాల గుమాస్తా వెళ్లాలి.

ఆట కూడా శుక్రవారమే, భోజనాలయ్యాక.

అక్క వాళ్లాయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రి మా ఆఫీసు వీధి చివరే. ఆయన్ని అక్కడ దింపి వచ్చి, ఉత్తరాలకు ముద్రలు కొట్టి, మధ్యలో ఓసారి వెళ్లి చూసొస్తుంది. కొత్త శాఖ నుంచి అలా చూసిరావడం కుదరదని ఆమె అభ్యంతరం. ప్రధాన కార్యాలయంలోని మార్పు అలవాటు విభాగం ఇలాంటివన్నీ బిడియం కింద లెక్కగడుతుంది.

ఆ విభాగం పంపిన శిక్షకుడు మెళ్లో ఈల వేసుకుని వచ్చి, మా అందరినీ భోజనాల గదిలో గుండ్రంగా నిలబెట్టాడు. కళ్లు మూసుకుని, చేతులు చాచి, దొరికిన చేతుల్ని పట్టుకోవాలి. అలా పడిన చిక్కును చేతులు వదలకుండానే వంగి, దూరి, దాటి విప్పుకోవాలి. మధ్యలో చెయ్యి వదిలినవారికి మార్పును తట్టుకునే శక్తి లేదని రికార్డుకు ఎక్కుతుంది, వారి అభ్యంతరాలు చెల్లవు. జీతాల గుమాస్తా నన్నూ ఇంకో ఇద్దర్నీ దాటి వెళ్లి మరీ అక్క కుడిచెయ్యి పట్టుకున్నాడు. (కళ్లు మూసుకునే.)

మామూలు మనుషులైతే కాసేపు నవ్వుకుని చిక్కు విప్పుకునేవారు. మాది ఆఫీసు. చిక్కు విడాలంటే ముందుగా సూపరింటెండెంటుగారు అటెండరు చంక కిందనుంచి దూరాలి. ఇంతకుముందు అలా దూరిన దాఖలా లేదని ఆయన కదలనన్నారు. పోనీ తానే దూరతానన్నాడు అటెండరు. అప్పుడు అతను అకౌంటెంటుగారి తలమీదుగా కాలు వెయ్యాల్సి వచ్చింది. దానికి అకౌంటెంటుగారు ఒప్పుకోలేదు. ఎవరు ఎవరికింద వంగాలో పైనుంచి వివరణ తెస్తానని శిక్షకుడు వెళ్లాడు. మేం అలాగే నిలబడ్డాం. సంతకానికి వచ్చిన ఫైలును పెన్ను నోట కరుచుకుని సూపరింటెండెంటుగారు పూర్తిచేశారు. ఆయన సంతకం మునుపటికంటే బాగా వచ్చింది.

నాలుగున్నరకు శిక్షకుడు తిరిగొచ్చాడు. సీనియారిటీ చూసే సెక్షన్‌ని కూడా ఈ మార్పులోనే ఇంకెందులోనో కలిపేశారట. ఎందులో కలిపారో కనుక్కుంటున్నారట.

అక్క గోడ గడియారం వైపు చూసింది.

"అన్నయ్యా, కాస్త వదులు. పైకెళ్లి ఒక్క మాట చెప్పి వచ్చేస్తా."

"వదిలితే నీ రికార్డు పాడవుతుందమ్మా," అన్నాడు గుమాస్తా. "నీ మంచికే పట్టుకున్నా."

"మా ఆయన సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసమ్మా," అన్నాడాయన నేల చూస్తూ. "నాకూ పిల్లలున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. చాచి ఒక్కటి ఇద్దామనిపించింది. కానీ నా చేతులు రెండూ వేరేవాళ్ల దగ్గరున్నాయి, వాళ్ల చేతులు ఇంకొకళ్ల దగ్గరున్నాయి. నా రికార్డు ఇప్పటిదాకా శుభ్రంగా ఉంది కూడా.

అయిదూ పదికి వివరణ వచ్చింది. సీనియారిటీతో నిమిత్తం లేకుండా ఎవరి చేతులు వారు తీసుకోవచ్చు. అందరికంటే ముందు వదిలింది జీతాల గుమాస్తానే. అక్క మెట్లన్నీ పరుగున ఎక్కింది. నేను వెనకాలే వెళ్లేసరికి, మూసిన కౌంటరు అద్దానికి తన భర్త జబ్బు గురించి మెల్లగా చెబుతోంది.

సోమవారం నివేదిక వచ్చింది. మా శాఖలో మార్పుకు ఒక్క అభ్యంతరమూ రాలేదనీ, ఉద్యోగులు సాయంత్రం వరకూ చేతిలో చెయ్యి వేసుకుని దాన్ని స్వాగతించారనీ అందులో మెచ్చుకున్నారు. ఈ ఆటను అన్ని శాఖల్లోనూ ఆడించాలని నిర్ణయించారు. ఉద్యోగుల పట్టు అంత గట్టిగా లేని శాఖలకు తాళ్లు సరఫరా చేస్తారు.