పెట్టెకు నాలుగో వైపు

కరీంనగర్ బహిరంగ సభలో మంత్రివర్యులు చేసిన ప్రకటన చారిత్రాత్మకమైనదని మరునాడు పత్రికలన్నీ రాశాయి. 'చారిత్రాత్మకం' అనే మాట ప్రకటనతో పాటే అచ్చయి సభకు వచ్చింది కనుక విలేఖరులు దానికోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ప్రకటన సారాంశం ఇది: నూరు రోజుల్లో ప్రాథమిక పాఠశాలల్లో చదవడం రాని బిడ్డ అంటూ ఉండదు. అందుకోసం ప్రతి బడికీ 'పఠన ప్రభంజనం' పేరుతో ఒక పెట్టె వస్తుంది. అందులో అక్షరాల కార్డులు, పదాల పట్టీలు, కథల పుస్తకాలు, నామవాచకానికి ఒక తోలుబొమ్మ, క్రియకు ఇంకో తోలుబొమ్మ, అన్నీ కలిపి నూట పన్నెండు వస్తువులు ఉంటాయి.

"ఇగ మీదట పిల్లలు పుస్తకాన్ని చదువుడు కాదు, పుస్తకమే పిల్లలను చదువుతది!" అని మంత్రివర్యులు సెలవిచ్చారు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

జ్యోతిరాణి టీచర్ ఆ వార్తను రెండుసార్లు చదివింది. ఇచ్చోడకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, హైవేకు ఇవతల ఉన్న చిన్న ఊళ్లో ఆమెది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక గది, ఒక వరండా, ఇరవై ముగ్గురు పిల్లలు. పదకొండేళ్లుగా ఆమె శుభలేఖల వెనుక వైపు అక్షరాలు రాసి, సోడా మూతల మీద గుణింతాలు అతికించి చదువు చెబుతోంది. ఎవరింట పెళ్లయినా భోజనం కంటే ముందు మిగిలిన శుభలేఖలు అడిగే మనిషిగా ఆ చుట్టుపక్కల ఆమెకు పేరు. నూట పన్నెండు వస్తువులు వస్తాయని చదవగానే ఆమె నిజంగా సంతోషించింది. ఈ పథకంలో నిజంగా సంతోషించిన వ్యక్తి ఆమె ఒక్కతే కనుక ఆ సంగతి చెప్పకపోవడం అన్యాయం.

పెట్టె కంటే ముందు ఉత్తర్వులు వచ్చాయి. పెట్టె పవిత్రతకు భంగం కలగకుండా అనధికారిక బోధనోపకరణాలన్నీ తొలగించాలని మొదటిది. పెట్టెకు అనుగుణంగా సవరించి ఇస్తాం కనుక పాఠ్యపుస్తకాలు వాపసు చేయాలని రెండోది. మూడో దాని ప్రకారం ఒక పెయింటరు వచ్చి, నల్లబల్ల నిండా ఆయిల్ పెయింట్‌తో పథకం చిహ్నం వేసి పోయాడు. ఎగిరే పుస్తకం, దాని కింద సుడిగాలి. చూడముచ్చటగా ఉంది. సుద్దముక్కతో రాస్తే మాత్రం జారిపోతోంది.

నాలుగో ఉత్తర్వు చిన్నది. గడువు నాటికి మూడో తరగతిలో నూటికి డెబ్బై అయిదు మంది చదవలేని బడులను పెద్ద బడుల్లో విలీనం చేస్తారు. ఈ బడికి పెద్ద బడి అంటే హైవే అవతలిది.

ఈ సంగతి వినగానే సక్కుబాయి బడికి వచ్చింది. ఆమె కూతురు హర్షిణి మూడో తరగతి.

"టీచర్ బాయీ, నేను సాఫ్ సాఫ్ చెప్తున్న. గా రోడ్డు దాటి నా పిల్ల పోదు. పోయినేడు గాడనే నా ఎడ్లను లారీ గుద్దింది. ఎడ్లంటే ఎట్లనో గట్ల మల్ల కొనుక్కున్న. పిల్లనైతే కొనుక్కొస్తనా?"

"బడి ఎక్కడికీ పోదు సక్కుబాయీ. పిల్లలు చదివితే చాలు."

"సదివితే మంచిదే. లేకుంటే నా ఎంబడి పత్తి ఏర వస్తది. నడుముకు కట్టుకునే సంచి గుడ్డ దానికి గూడ ఒకటి కుట్టి పెట్టిన. పరేషాన్ గాకు, నీ మీద కోపం గాదు."

ఆ వారంలోనే పెట్టె వచ్చింది. నీలం టార్పాలిన్ కప్పుకుని, ట్రాలీ ఆటోలో, ఊరేగింపుగా వచ్చింది. ముందు కారులో పథకం పర్యవేక్షణాధికారి రాజ్‌కుమార్, వెనుక ఆటోలో పార్టీ కార్యకర్త గోపాల్. ప్లైవుడ్ పెట్టె, నీలిరంగు, ఎర్ర రిబ్బను, రిబ్బను ముడి మీద లక్క ముద్ర. ముందువైపు మంత్రివర్యుల చిరునవ్వు.

గోపాల్ దాన్ని ఒక్కడే ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. "సార్, గిది మస్తు అల్కగున్నది."

"లేటెస్ట్ మెటీరియల్ గట్లనే ఉంటది గోపాల్. జ్ఞానానికి బరువుంటదా?" అన్నాడు రాజ్‌కుమార్.

పన్నెండేళ్లుగా రాజకీయాల్లో ఉన్న గోపాల్‌కు, జ్ఞానానికి బరువుండదన్న మాట వెంటనే నమ్మదగినదిగా తోచింది. పెట్టెను గోడకు ఆనించి దించాడు. రాజ్‌కుమార్ దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు.

"మేడం, గీత లోపలికి ఎవరూ రావద్దు. పెట్టెను తాకొద్దు. రోజూ ఇదే యాంగిల్‌లో ఫోటో తీసి యాప్‌లో పెట్టాలె. అంగుళం జరిగినా యాప్ ఒప్పుకోదు."

"తెరిచేదెప్పుడు సార్?"

"మంత్రిగారి చేతుల మీదుగనే తెరవాలె. డేట్ దొరకాలె గద."

"అప్పటిదాకా పిల్లలకు ఏం చెప్పమంటారు?"

"ఎదురుచూడుమని చెప్పండి. మోటివేషన్ మేడం, మోటివేషన్!"

వెళ్తూ వెళ్తూ గోపాల్ శుభలేఖల అక్షరాలనూ, సోడా మూతల గుణింతాలనూ గోనెసంచిలో వేసుకుపోయాడు. పదకొండేళ్ల పెళ్లిళ్లు ఒక్క సంచిలో పట్టాయి.

మంత్రివర్యుల డేట్ జూలైలో దొరికింది, కానీ ఆ రోజు ఎవరిదో పెళ్లి. ఆగస్టులో దొరికింది, కానీ ఉప ఎన్నిక వచ్చింది. సెప్టెంబరులో మంత్రివర్యుల శాఖ మారింది. గోపాల్ కొత్త మంత్రివర్యుల బొమ్మను తెచ్చి పాతదాని మీద అతికించాడు. కొత్త ముఖం కొంచెం చిన్నది కావడంతో పాత మంత్రివర్యుల మీసం రెండు వైపులా బయటికి వచ్చి, ప్రభుత్వం నిరంతరాయమైనదని చాటుతూ ఉండిపోయింది. యాప్ మాత్రం ఏ మార్పూ లేకుండా ప్రతి శనివారం అడిగేది: 'పెట్టె వినియోగం ఎంత?' జవాబులు రెండే ఉండేవి. ఒకటి, 'నూరు శాతం'. రెండోది, 'నూరు శాతానికి పైగా'. పెట్టె ఇంకా తెరవలేదని జ్యోతిరాణి కాగితం మీద రాసి పైకి పంపింది. పెట్టెను శ్రద్ధగా కాపాడుతున్నందుకు మెచ్చుకుంటూ జవాబు వచ్చింది.

నిజానికి ఆమె మొదటి పదిహేను రోజులూ నేల మీద సుద్దతో రాస్తూ గడిపింది. పిల్లల చూపు మాత్రం పెట్టె మీదే ఉండేది. ఒకరోజు హర్షిణి గీత అంచున గొంతుక్కూర్చుని అడిగింది.

"టీచర్, గీ మూత మీద రాసింది ఏంది?"

జ్యోతిరాణి పెట్టెతో పాటు వచ్చిన ఉత్తర్వును మళ్లీ తీసి, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర వరకు చదివింది. పెట్టెను తాకరాదు అని ఉంది. జరపరాదు అని ఉంది. చదవరాదు అని ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి ఆ బడికి పెట్టే పాఠ్యపుస్తకం అయింది. మూత మీద 'అనుమతి లేనిదే తెరవరాదు'. ఎడమ వైపు 'తడి తగలనివ్వరాదు, తలకిందులు చేయరాదు'. కుడి వైపు 'ప్రభుత్వ ఆస్తి, జాగ్రత్తగా దించవలెను, ఎండలో ఉంచరాదు'. ముందువైపు మంత్రివర్యుల పేరూ, దాని కింద తొమ్మిది పంక్తుల బిరుదులూ. ఒత్తులకూ సంయుక్తాక్షరాలకూ ఆ తొమ్మిది పంక్తులను మించిన వాచకం ఇంతవరకు ఎవరూ రాయలేదు. మాటలను నేల మీద రాసి, విరిచి, ముక్కలు కలిపి కొత్త మాటలు కట్టించేది. 'తెరవరాదు' అని ఆమె అంటే పిల్లలు 'తెరవాలి' అనాలి. తర్వాత 'తెరుస్తాం'. తర్వాత 'తెరిచాం'. ఈ చివరి మాటను ఇరవై ముగ్గురూ గోడలు అదిరేటట్లు అనేవారు.

దసరాకు ముందు సక్కుబాయి మళ్లీ వచ్చింది.

"గిదేం సదువు బాయీ! ఇంట్ల అన్నీ వద్దనుడే నేర్సింది. మ్యాకపిల్లను తడి తగలనియ్యరాదట. మిరపకాయలు ఎండల ఉంచరాదట. ఎండల పెట్టక పొయ్యిల పెట్టాల్నా? నిన్న తాగి పడ్డ వాళ్ల బాపును మోసుకొస్తే జాగ్రత్తగా దించవలెను అంటది!"

"చదవడం వచ్చింది కదా సక్కుబాయీ."

"అచ్చింది, అచ్చింది. బస్సు మీద రాసింది గూడ సదువుతుంది." సక్కుబాయి నవ్వు దాచుకోలేదు.

మూడు వైపులూ మూతా అయిపోయాయి. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, కళ్లు మూసుకుని కూడా అయిపోయాయి. "టీచర్, ఎనక దిక్కు ఏం రాసున్నది?" అని హర్షిణి అడిగింది.

"నాకూ తెల్వదు బిడ్డా. ఐదు నెలల నుంచి గోడ చదువుతోంది."

నవంబరు మొదటి వారంలో కొత్త మంత్రివర్యుల డేట్ దొరికింది. రాజ్‌కుమార్ ముందు రోజే వచ్చి, టైపు చేసిన కాగితం ఒకటి టీచర్ చేతిలో పెట్టాడు. పథకాన్నీ, మంత్రివర్యులనూ, వారి దూరదృష్టినీ పొగిడే ఎనిమిది వాక్యాలు.

"చురుకైన పిల్లతోని కంఠస్థం చేయించండి మేడం. చేతిల కాయితం ఉంటది, చదివినట్టే కనవడ్తది."

"కంఠస్థం ఎందుకు సార్? చదువుతుంది."

రాజ్‌కుమార్ జాలిగా చూశాడు. "ఎట్ల చదువుతది మేడం? పెట్టె ఇంకా తెరవనే లేదు గద!"

మరునాడు షామియానా కింద వేదిక. గోపాల్ పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. మంత్రివర్యుల బొమ్మ జనానికి కనబడాలి కనుక ఆ ముఖాన్ని జనం వైపు తిప్పాడు. ఫోటోలో నిండుగా ఉండాలి కనుక పిల్లలను పెట్టె వెనుక వరుసగా నిలబెట్టాడు. పిల్ల మాట ఆపగానే చప్పట్లు మొదలుపెట్టే బాధ్యత కూడా అతనిదే.

హర్షిణికి మైకు ఇచ్చారు. ఆమె కాగితం విప్పేలోపల కొత్త మంత్రివర్యులు ప్రజాస్వామికంగా చెయ్యి ఎత్తారు.

"గా కాయితం వద్దు బిడ్డా. ప్రతోడూ గట్ల నేర్పించి తెస్తడు. నీ ఇష్టం అచ్చింది, ఏదన్న ఒకటి చదువు."

అన్నాక, అంతలో మోగిన ఫోను చెవికి ఆనించుకున్నారు. రాజ్‌కుమార్ ముఖం పాలిపోయింది. హర్షిణి చుట్టూ చూసింది. బ్యానరు మీద అక్షరాలు ఆమెకు తిరగేసి కనబడుతున్నాయి. తర్వాత ఆమె చూపు తన ముందున్న పెట్టె మీద పడింది. ఐదు నెలలుగా గోడ ఒక్కటే చదువుకున్న వైపు, మొత్తం, ఎదురుగా ఉంది. ఆ పిల్ల ముఖం వెలిగింది. అలవాటు కొద్దీ తాకకుండా, జానెడు దూరంలో వేలు కదుపుతూ చదివింది.

"నమూనా పెట్టె. ప్రదర్శన కొరకు మాత్రమే. లోపల సామగ్రి లేదు. ప్రారంభోత్సవం ముగిసిన వెంటనే తదుపరి పాఠశాలకు పంపవలెను."

మైకు మంచిది. ప్రతి ఒత్తూ ఊరి చివర దాకా వినబడింది. పిల్ల మాట ఆపింది కనుక గోపాల్ చప్పట్లు కొట్టాడు. గోపాల్ కొట్టాడు కనుక అందరూ కొట్టారు. మంత్రివర్యులు ఫోను దించి, చప్పట్లు కొడుతున్న జనాన్ని చూసి, తామూ కొట్టి లేచారు.

"చూసిన్రా! పెట్టె ఇంకా తెరవనే లేదు, అప్పుడే పిల్ల ఇంత ధారాళంగ చదువుతుంది. ఇగ తెరిస్తే ఏమైతదో మీరే ఆలోచించుండ్రి!"

తెరిస్తే ఏమవుతుందో ఆ క్షణాన రాజ్‌కుమార్ ఒక్కడే ఆలోచించాడు. ఆయన మంత్రివర్యుల చెవిలో తర్వాతి కార్యక్రమానికి ఆలస్యమవుతోందని చెప్పాడు. మంత్రివర్యులు రిబ్బను కత్తిరించారు. మూత ఎత్తే సమయం లేకపోయింది. హర్షిణి చదివిన ఆదేశం ప్రకారం పెట్టెను ఆటోలో ఎక్కించారు. జాగ్రత్తగానే ఎక్కించారు. గదిలో గోడ పక్కన చతురస్రంగా సుద్దగీత ఒకటి మిగిలింది.

పత్రికలు మర్నాడు 'తెరవకుండానే తుపాను' అని రాశాయి. ఫలితాలను పరిశీలించి, పెట్టెలను మూసి ఉంచడమే శాస్త్రీయమని ఒక నిపుణుల కమిటీ అభిప్రాయపడింది. జ్యోతిరాణికి ప్రశంసాపత్రం వచ్చింది. పెట్టె వినియోగంలో ఇతర ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి ఆమెను సుల్తానాబాద్‌కు బదిలీ చేస్తున్నట్లు అందులోనే చివరి పంక్తిలో ఉంది.

సోమవారం ఆమె తాళంచెవి అప్పగించడానికి బడికి వచ్చేసరికి తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. దాని ముందు సక్కుబాయి, హర్షిణి నిలబడి ఉన్నారు.

"గోపాల్ ఏందేందో చెప్పిండు బాయీ, నేను నమ్మలే. మా పిల్ల సదివితెనే నమ్ముత." సక్కుబాయి కూతురి భుజం తట్టింది. "సదువు బిడ్డా."

హర్షిణి వేలు ఎత్తి, ఇక ఇప్పుడు తాకవచ్చు కనుక, అక్షరం మీదనే పెట్టి చదివింది.

"ఈ పాఠశాల పఠన లక్ష్యమును సంపూర్ణముగా సాధించినందున, ఇచ్చట బోధన ఆవశ్యకత తీరినదని నిర్ణయించి, విద్యార్థులను రహదారికి అవతలి ఉన్నత ప్రమాణ పాఠశాలలో తక్షణమే విలీనము చేయడమైనది."

'ఆవశ్యకత' దగ్గర ఆగలేదు. 'తక్షణమే' దగ్గర తడబడలేదు. జ్యోతిరాణి ప్రతి ఒత్తునూ విన్నది.

"తప్పు పోలే గద బాయీ?" సక్కుబాయి అడిగింది.

"ఒక్కటి కూడా పోలేదు."

సక్కుబాయి కూతురి బుగ్గల మీదుగా చేతులు తిప్పి, మెటికలు విరిచింది. ఆమె నడుముకు పత్తి ఏరే సంచి గుడ్డ కట్టి ఉంది. ఇంకొకటి, చిన్నది, భుజం మీద వేసుకుని ఉంది. దాన్ని తీసి, దులిపి, కూతురిని దగ్గరికి పిలిచింది.