తొమ్మిది బోర్డుల వీధి

గృహరక్షణలో తాళం కన్నా అక్షరమే గొప్పది. ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టింది నేనే కాబట్టి, అది ఎంత గొప్పదో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

ముప్పై మూడేళ్ళు ఒక ఆఫీసులో నోటీసులు రాసి, హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాను. ఆ సంగతి తెలిసి మా వీధి సంఘం కార్యదర్శి, ఇంటింటికీ ఒక హెచ్చరిక బోర్డు రాసిపెట్టమన్నాడు. ఉన్నవి తొమ్మిది ఇళ్ళు. కార్యదర్శి ఇంటికి "ఈ ఇల్లు నిరంతర నిఘాలో ఉన్నది" అని రాశాను. ఆ నిఘా వాళ్ళ అత్తగారిది. ఆవిడకు కళ్ళు సరిగా ఆనవు. ఎదురింటి కాంట్రాక్టరుకు "కరిచే కుక్కలున్నవి" అని బహువచనంలో రాశాను. ఆయనింట్లో పిల్లి కూడా రెండు రోజులు నిలవదు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచే పక్కింటి టీచరమ్మ, తన గేటుకు మాత్రం అబద్ధం వద్దంది. "అనుమతి లేక ప్రవేశించినవారు పరిణామాలకు బాధ్యులు" అని రాసిచ్చాను. ఆ పరిణామాలేమిటో నాకూ తెలియదు, ఆవిడా అడగలేదు.

నా ఇంటికి బోర్డు అక్కరలేదనుకున్నాను. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక మంచం, కొన్ని పుస్తకాలు, ఆమె కుట్టుమిషను. కాని ఎనిమిది గేట్లకు బోర్డులు వేలాడుతూ నాదొక్కటే బోసిగా కనిపించేసరికి, దారిన పోయేవాళ్ళు ఆగి ఆ ఇల్లు అద్దెకిస్తారా అని అడగసాగారు. బోర్డు లేదంటే, పోవడానికి ఏమీ లేదని అర్థం. నిజమే, ఏమీ లేదు. అంతమాత్రాన నిజాన్ని గేటు మీద ఆరేసుకుంటామా? అందరికన్నా పెద్ద రేకు తెప్పించి, ఎర్రక్షరాలతో "విలువైన వస్తువులకు పటిష్ఠ రక్షణ కలదు" అని రాసి తగిలించాను.

ఆర్నెల్లపాటు వీధిలో దొంగతనమన్నది జరగలేదు. అంతకుముందు ఇరవై ఏళ్ళూ జరగలేదు గాని, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఈ విజయానికి ఒక సభ జరపాలన్నాడు కార్యదర్శి. వీధి మొదట్లో నల్లబల్ల పెట్టించి, దాని మీద నా చేతే రాయించాడు: "గృహరక్షణలో హెచ్చరిక బోర్డుల పాత్ర గురించి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు సంఘ భవనంలో సభ జరుగును. తొమ్మిది ఇళ్ళవారూ, ఇంట ఎవరూ మిగలకుండా, కుటుంబ సమేతంగా హాజరు కావలెను." 'ఇంట ఎవరూ మిగలకుండా' అన్నది ఆయన చేర్పించిన మాట. దాని కింద గీత మాత్రం నాది.

సభ దివ్యంగా జరిగింది. నేను గంటా పది నిమిషాలు మాట్లాడాను. కార్యదర్శి అత్తగారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు.

తిరిగి వెళ్ళేసరికి తొమ్మిది ఇళ్ళ తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి.

నా ఇల్లంతా వెతుక్కున్నాను. ఏమీ పోలేదు. పైగా ఇల్లు కొంచెం బాగుపడింది. వచ్చినవాడు మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. నెల్లాళ్ళుగా కారుతున్న వంటింటి కుళాయికి గుడ్డపీలిక చుట్టి బిగించాడు. నా భార్య పోయాక నా ఇంట్లో గ్లాసు బోర్లించిన మనిషి అతనొక్కడే.

బయటికొస్తే వీధి వీధంతా ఎస్సైగారి చుట్టూ మూగి ఉంది. కార్యదర్శి తనవి ఆరు వెండి కంచాలు పోయాయన్నాడు. కాంట్రాక్టరు రెండు విదేశీ గడియారాలన్నాడు. అబద్ధం వద్దన్న టీచరమ్మ కాసేపు ఆలోచించి, ముత్యాల దండ అంది. ఒక్కొక్కరు చెబుతుంటే మిగిలినవాళ్ళు అయ్యో అంటున్నారు. ఆ అయ్యోలో జాలి తక్కువ, గౌరవం ఎక్కువ. చివరికి నా వంతు వచ్చింది. అంతెర్రటి బోర్డు కట్టుకున్న ఇంట్లోంచి ఏమీ పోలేదని ఏ నోటితో చెప్పను?

"మా ఆవిడ రెండు పేటల గొలుసు," అన్నాను.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు రెండు పేటల గొలుసు చేయిస్తానని మాటిచ్చాను. ఏటేటా ఆ మాట మళ్ళీ ఇస్తుండేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె ఉండగా చేయించలేని గొలుసును ఆమె పోయాక నోటితో చేయించి, ఆ నోటితోనే పోగొట్టాను. వీధి అయ్యో అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అయ్యో నాకు హాయిగానే ఉంది.

మూడో రోజు దొంగ దొరికాడు. అన్నిటికన్నా విలువైన సొత్తు నాదే కాబట్టి, ముందుగా నన్నే స్టేషనుకు పిలిపించారు. బెంచీ చివర ఒక బక్కపలచటి మనిషి కూర్చుని ఉన్నాడు. కుళాయిలు బాగుచేసే పనట, ఆ పని దొరక్క ఈ పనిలోకి వచ్చాడట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎర్రబోర్డు ఇంటాయన మీరే కదండీ? వీధి మొదట్లో నోటీసు చదివి వచ్చానండి. గీత కూడా గీశారు కదా, ధైర్యంగా వచ్చాను."

ముప్పై మూడేళ్ళలో నా నోటీసును అక్షరం పొల్లుపోకుండా పాటించిన మొదటి పాఠకుడతను.

"మీ బోర్డు చూసే, అన్నిటికన్నా ముందు మీ ఇంట్లోకి వచ్చానండి. పావుగంట వెతికాను. ఎక్కడ దాచారయ్యా ఆ గొలుసు?"

"నోర్ముయ్," అని కసిరి, ఎస్సై నా వైపు తిరిగాడు. "తొమ్మిది ఇళ్ళలోనూ ఏమీ దొరకలేదంటాడండీ వీడు. తొమ్మిదిమంది పెద్దమనుషులు కట్టగట్టుకుని అబద్ధమాడతారా? మీరు ఇక్కడ సంతకం పెట్టండి చాలు. ఆ గొలుసుతో వీడు నాలుగేళ్ళు బయటికి రాడు."

కలం తీసుకున్నాను. దొంగ బతిమాలలేదు. ఇంటి దగ్గర చిన్నపిల్ల ఉందని, నాలుగేళ్ళంటే దానికి ఎంత వయసొస్తుందోనని, తనలో తనే గొణుక్కుంటూ వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నాడు.

"ఆ గొలుసు లేదండీ," అన్నాను.

"పోయింది కదా, ఎలా ఉంటుంది?"

"పోవడం కాదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు."

ఎస్సై నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపు గురించి రాయను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిమ్మన్నాడు. నాలుగు పంక్తులు రాయడానికి గంట పట్టింది. నేను లేవబోతుంటే, రేపు మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళనూ పిలిచి, వస్తువులు కొన్న రసీదులు తెమ్మంటానన్నాడు.

ఈ కబురు నాకన్నా ముందే వీధికి చేరింది. గేట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు నన్ను చూసి మొహాలు తిప్పుకున్నారు. సాయంత్రం టీచరమ్మ పెరటి తలుపు తట్టింది.

"అన్నయ్యగారూ, ఆ కాగితం ఎలా రాశారో కాస్త చెబుతారా? నాకు కాదు, మా స్నేహితురాలికి."

ఆ స్నేహితురాలి పేరడక్కుండానే రాసిచ్చాను. ఆవిడ వెళ్ళిన కాసేపటికి కాంట్రాక్టరు వచ్చాడు. గడియారాలు దొరికాయని రాయాలా, పోలేదని రాయాలా అని సలహా అడిగాడు. పెరటి వైపు నుంచి మరెవరో వస్తున్న చప్పుడైతే ఆయన్ని వీధి తలుపులోంచి పంపించవలసి వచ్చింది. అందరికన్నా చివర తలకు తువ్వాలు చుట్టుకుని కార్యదర్శి వచ్చాడు. అలా ఎనిమిది కాగితాలు రాశాను. వెళ్ళేముందు ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే, మిగతావాళ్ళకు తెలియనివ్వొద్దని. ప్రతివాళ్ళకూ మాటిచ్చాను. ఈ మాటయినా నిలబెట్టుకోవాలనుకున్నాను.

దొంగకు తాళాలు తీసిన తప్పు ఒక్కటే మిగిలింది. నెల తిరక్కుండానే పిల్ల దగ్గరికి వెళ్ళాడని తెలిసింది.

ఆ కాగితాలు ఇచ్చిన తరవాతి ఆదివారమే మళ్ళీ సభ జరిగింది. ఈసారి నల్లబల్ల మీద రాయించలేదు, ఇంటికొకర్నే రమ్మన్నారు. పెద్దమనుషులుండే వీధిలో ఒకే ఒక్కరు లేని సొత్తు పోయిందని అబద్ధమాడి అందరి పరువూ తీశారని, వారిని అభిశంసించక తప్పదని కార్యదర్శి బాధగా చెప్పాడు. అందరూ అవునన్నారు. తీర్మానం ఎలా రాయాలో ఎవరికీ తోచలేదు. కాగితం చేతులు మారి మారి నా ముందుకొచ్చింది. దోషం లేకుండా రాసి చదివాను. ఒప్పుకునేవాళ్ళను చెయ్యెత్తమన్నాడు కార్యదర్శి. పక్కవాళ్ళ మొహం చూడకుండా ఎనిమిది చేతులు లేచాయి.

నేనూ చెయ్యెత్తాను. ఏకగ్రీవం అని నేనే రాశాను.