ఎరుపు తగ్గించిన ఫైరింజన్

టీవీ అంత సంస్కారవంతమైన వస్తువు మన ఇళ్లలో ఇంకోటి లేదు! నవ్వకండి. ఒట్టేసి చెబుతున్నాను.

మా తమ్ముడు ఒక టీవీ ఛానల్లో గ్రాఫిక్స్ చేస్తాడు. నాకీ జ్ఞానోదయం వాడి చలవే. కంప్యూటర్‌కి హద్దూ పద్దూ లేదట. ఎరుపంటే కళ్లలో కారం కొట్టినంత ఎరుపు చూపించేస్తుంది. టీవీ అలా కాదు, దానికి సిగ్గూ శరమూ ఉన్నాయి. ఆ ఎరుపును అలాగే పంపిస్తే గీత దాటి పక్క రంగు మీదికి పాకుతుందట. తెలుపు మరీ ఎక్కువైతే కళ్లు చెదురుతాయట. అందుకని ప్రతి బొమ్మనూ ముందు ఒక మిషన్ చూస్తుంది. రంగు హద్దు మీరిందా, కుయ్‌మంటుంది. మా తమ్ముడు ఆ రంగును బుజ్జగించి, నాలుగు మెట్లు దించి, అప్పుడు ప్రసారానికి వదులుతాడు.

ఎంత గొప్ప ఏర్పాటండీ! ఇలాంటి మిషన్ మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఉంటే ఎంత బావుండేది? మా పై ఫ్లోరాయన లిఫ్ట్ గురించి నోరు తెరవగానే కుయ్‌మనేది కదా!

మా తమ్ముడికి ఈ విద్య బాగా ఒంటబట్టింది. నేను సన్నచారల చొక్కా వేసుకుని వెళితే, ఆ చారలు తెర మీద వణుకుతాయి, మార్చుకోమంటాడు. నేనేమన్నా వార్తలు చదవబోతున్నానా? మా మరదలు ఎర్ర స్వెటర్ వేసుకుంటే అలా చూస్తూ ఉండిపోతాడు. అదంతా అనురాగమనుకుని ఆవిడ కొన్నాళ్లు మురిసిపోయింది. వాడు మనసులోనే ఎరుపు తగ్గిస్తున్నాడని తర్వాత తెలిసింది, పాపం.

మొన్న మాత్రం చిక్కొచ్చి పడింది. వాడి కూతురు, మేమంతా పిడుగు అని పిలిచే పిల్ల, పిల్లల కార్యక్రమానికి ఫైరింజన్ బొమ్మ వేసి పంపింది. ఎర్ర క్రేయాన్ అరిగి, వేలు కాగితానికి తగిలేదాకా రుద్దింది. బొమ్మ ఎంపికైంది. కంప్యూటర్లోకి ఎక్కించగానే మిషన్ కుయ్‌మంది. కన్నతండ్రయితే మాత్రం? రూలు రూలే!

ఆదివారం సాయంత్రం అందరం వాళ్లింట్లో టీవీ ముందు చేరాం. పిడుగు అసలు కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బొమ్మ రానే వచ్చింది, నానిన ఇటుక రంగులో. పిల్ల తెర వంక చూసింది, కాగితం వంక చూసింది. కళ్లనిండా నీళ్లు.

"ఇది నాది కాదు. ఇది వస్తుంటే ఎవరూ దారివ్వరు" అంది.

మా తమ్ముడు పక్కన కూర్చుని హద్దుల సంగతంతా విడమరిచి చెప్పాడు. మితిమీరిందేదీ టీవీ బయటికి పోనివ్వదమ్మా అన్నాడు. నాకైతే ఎంత గర్వంగా అనిపించిందో!

ఇంతలో వార్తల చర్చ మొదలైంది. ఒక పెద్దమనిషి ఊళ్లో ఒక్క గుంత కూడా లేదని, రోడ్లన్నీ అద్దాల్లా ఉన్నాయని బల్ల గుద్ది చెబుతున్నాడు. ఆయన చొక్కా రంగు అక్షరాలా హద్దుల్లోనే ఉంది. పిడుగు మోకాలి మీద కట్టు ఉంది. అది వాళ్ల గేటు ముందున్న గుంతలో పడి తెచ్చుకున్నదే. కళ్లు తుడుచుకుని, ఆయన చెప్పేదంతా చెవులు రిక్కించి వింది.

"నాన్నా, మిషన్ కుయ్‌మనలేదేం?"

మా తమ్ముడు లేచి, దాని ఒళ్లోని కాగితం తీసుకుని, టేపుతో టీవీకి అతికించాడు, సరిగ్గా ఆ పెద్దమనిషి మొహం మీద.

నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. టీవీ అంత సంస్కారవంతమైన వస్తువు ఇంకోటి లేదు. మా తమ్ముడింట్లో అయితే మరీనూ. ఆ కాగితం ఇంకా తీయలేదు.