టెంపరేచర్ ఎవరికి?

ఎనిమిదిన్నరకు బయలుదేరితే తొమ్మిదింటికల్లా కంటి ఆసుపత్రిలో ఉండవచ్చు. ఆపరేషన్ పదింటికి. మామగారు దర్జీ. కుడికంట్లో శుక్లం ముదిరి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా కూతుర్ని పిలవాల్సి వస్తోందని ఆయన దిగులు. ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి ఎలాగైనా జరిగితీరాలని, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే అల్లుడు సెలవు పెట్టి కారు తీశాడు. కూతురు కాగితాల పని చూడటానికి ముందే ఆసుపత్రికి వెళ్ళింది.

సగం దారిలో స్టీరింగు వెనక ఎర్ర లైటు వెలిగింది. అల్లుడు బండి పక్కకు ఆపి, డాష్‌బోర్డు అరలోని పుస్తకం తీశాడు. ఆ లైటు వెలిగితే ఇంజను వేడెక్కినట్టనీ, వెంటనే ఆపాలనీ అందులో ఉంది. అచ్చులో ఉన్న మాటను అతను ఎన్నడూ జవదాటలేదు.

మామగారు దిగి బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. నలభై ఏళ్ళు ఇస్త్రీపెట్టె వేడి చూసిన చెయ్యి అది.

"పెద్ద వేడేం లేదు అల్లుడుగారూ."

"పుస్తకంలో ఆపమని ఉంది మామయ్యగారూ."

"పుస్తకం రాసినాయన ఇక్కడ చెయ్యి పెట్టి చూళ్ళేదుగా."

అల్లుడు భార్యకు ఫోన్ చేశాడు. "టెంపరేచర్ ఎక్కువ చూపిస్తోంది. దారిలో ఆగిపోయాం. ఎర్రగా కనబడుతోంది."

"కళ్ళా?" అంది భార్య. లారీ హోరులో అతనికది "మళ్ళా?" అని వినిపించింది.

"ఆ, మళ్ళా అంతే. లోపల నీళ్ళు తగ్గిపోయాయేమో" అంటుండగానే లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

ఆమె పరుగున నర్సు దగ్గరికి వెళ్ళింది. నాన్నకి జ్వరమనీ, కళ్ళు ఎర్రబడ్డాయనీ, ఒంట్లో నీళ్ళు తగ్గాయనీ చెప్పింది. నర్సు పది గంటల జాబితాలో ఆయన పేరు కొట్టేసి, వాళ్ళొచ్చే దారిలోకి ఆసుపత్రి వ్యాను తీయించి, ఆమెతోపాటు తనూ ఎక్కింది.

ఈలోగా పక్క సందు చివరి మెకానిక్ వచ్చాడు. రేడియేటర్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఇంజను మీద వేడి కొలిచే సెన్సార్ నుంచి తీగ ఊడదీశాడు. లైటు ఆరలేదు.

"తీగ పీకినా వెలుగుతోందంటే ఇంజనుదీ తప్పు కాదు, సెన్సార్‌దీ కాదు సార్. తీగే ఎక్కడో ఇనుముకి తగులుతోంది."

వెతికి, తొడుగు ఒరుసుకుపోయి రాగి బయటపడ్డ చోటు పట్టుకున్నాడు. టేపు చుట్టి, ఊడదీసిన కొస మళ్ళీ తగిలించాడు. లైటు ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. స్ట్రెచరు దిగింది.

"జ్వరం ఎవరికి?" అంది నర్సు.

అల్లుడికి అర్థం కాలేదు. భార్య అతని వైపే చూస్తోంది.

"టెంపరేచర్ అన్నారుగా మీరు."

"కారుకి."

"కారుకి కూడా లేదమ్మా" అన్నాడు మెకానిక్.

తన వాక్యంలో ఒక్క మాట పడిపోయిందని ప్రూఫ్‌రీడరుకు తెలిసివచ్చింది. భార్య పేవ్‌మెంటు మీద కూలబడింది. మూడో అవకాశం చేజేతులా పోగొట్టుకున్నారు.

నర్సు మంచి మనిషి. "జ్వరం లేదని రాసిస్తే పేరు మళ్ళీ ఎక్కిస్తారు. ఒక్క నిమిషం చూస్తాను" అని థర్మామీటరు తీసింది.

"ఎందుకమ్మా, అక్కర్లేదు" అంటూ మామగారు కారు వెనక్కి నడిచారు. నర్సు అటు తిరిగి వెళ్ళి పట్టుకుంది.

నూట రెండు.



"నిన్న సాయంత్రం నుంచి" అన్నారాయన తల దించుకుని. "పొద్దున మాత్ర వేసుకున్నా. ఈసారీ వాయిదా పడితే అల్లుడుగారి మొహం ఎలా చూడను?"

అల్లుడు ఆయన చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టాడు.

"ఈ జ్వరంతో కన్ను కోసుంటే చాలా ప్రమాదమయ్యేది" అంది నర్సు. కూతురి వైపు గౌరవంగా తిరిగింది. "పక్కనున్నవాళ్ళకే తెలియలేదు. అంత దూరంలో ఉండి మీరెలా కనిపెట్టారమ్మా?"

ఆమె మొగుడి వైపు చూడకుండా చీర దులుపుకుని లేచింది.

"కన్నకూతుర్ని కదండీ" అంది.