తళి తిలక్ స్టెబిలిటీ పేపరును జయించిన విధము

శీతలపవనసేవితమై, గులాబీ గ్రీన్‌హౌసుల ధవళకాంతులతో శోభిల్లు తళి సీమలో, ఉదయము తొమ్మిది గంటల వేళ, త్రీఫేజు కరెంటు వచ్చుటకు మూడు నిమిషములు ముందుగా, ఆంజినప్ప తనయుడు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, ముమ్మారు తప్పియు నాలుగవమారు కాలుదువ్విన మహావీరుడు తిలక్, పవర్ సిస్టమ్ స్టెబిలిటీ అను నాలుగువందల పన్నెండు పుటల గ్రంథమును చేతబట్టి, బోరు మోటరు స్టార్టరు ముందు నిలిచెను. మరునాడే కృష్ణగిరిలో పరీక్ష. ఈ పేపరు గట్టెక్కిన హోసూరు ఫ్యాక్టరీలో కొలువు. తప్పిన ఆజన్మాంతము తండ్రి చేలో క్యాబేజీ. క్యాబేజీని తక్కువచేయుట నా ఉద్దేశము కాదు గాని, వీరునికి దాని వాసన పడదు, పాపం.

ఆ చేలలో ఒక యుద్ధధర్మము కలదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరును ఆశ్రయించిన మోటర్లు ఏకకాలమున గర్జింపరాదు. పొరుగు రైతు చెన్నరాయప్ప ముందుగా తన మోటరు వేయును. అది నిలకడగా తిరిగిన పిమ్మట తువ్వాలు ఊపును. అప్పుడే ఆంజినప్ప వంతు. కరెంటు వచ్చెను. చెన్నరాయప్ప మోటరు హుంకరించెను. ఆ క్షణముననే ఆ వృద్ధవీరుని ముక్కుపై ఈగ వాలగా, ఆయన తువ్వాలు విసిరెను. సమీకరణశరపరంపరాజర్జరితుడైన తిలక్ ఓరకంట అది గాంచి, పచ్చ బటను నొక్కెను! రెండు మోటర్లు ఒక్కుమ్మడి కరెంటు లాగగా, దిక్కులు పిక్కటిల్లునట్లు ఫ్యూజు ఢమ్మని పేలెను.

“ఈగను తోలినానప్పా! మోటరు వెయ్యమని నీకు ఎవురు చెప్పినారు?” అని చెన్నరాయప్ప గట్టు మీదనుండి అరచెను.

తిలక్ పుస్తకమును ఆకాశమునకెత్తి, “ఓరీ గ్రంథాధమా! నా మతి హరించి, సస్యములను దప్పికకు గురిచేసితివి గదరా!” అని గర్జించెను.

“బుక్కును తిడతావేమిరా?” అనుచు ఆంజినప్ప పరుగున వచ్చెను. “మోటరు వేస్తే లైను అదరతాది. అదిరితే తప్పులేదు. అదిరినంక మళ్ళా కుదురుకోవల్ల. దానికి టైము ఇయ్యకుండా నువ్వూ వేస్తే యాడ నిలస్తాదిరా, గాడిదా?”

వీరుని కన్నులు చెమర్చెను. మూడేండ్లుగా ఏ గురువు నోట విన్నను అర్థము కాని స్టెబిలిటీ ఇదే గదా!

“నాయనా, ఇంగొకతూరి చెప్పు!”

“తిట్టింది మళ్ళా తిట్టమంటావా?” అని తండ్రి బెదిరిపోయెను.

మరునాడు కృష్ణగిరి పరీక్షారణరంగమున తొలి ప్రశ్నయే, రెండు మార్కులకు, “స్టెబిలిటీ అనగానేమి?” తిలక్ తండ్రి మాటలనే, గాడిదను తొలగించి, ఇంగ్లీషులో వ్రాసెను. తక్కిన ప్రశ్నలకు వక్రరేఖలను తోచినంత వక్రముగా గీసెను.

ఫలితములు వచ్చెను. గెలుపునకు యాభై కావలెను. నలువదియెనిమిది స్వీయభుజబలార్జితములు, రెండు పితృప్రసాదములు. దిక్పాలకులారా, వినుడు! తళి తిలక్ యాభై మార్కులతో దిగ్విజయమొందెను. యాభైయొకటవది అతడు అడుగనూ లేదు, వారు ఇయ్యనూ లేదు.